రోగి మాట కేస్ షీట్‌లో ఎలా రాయాలి? మన వైపు జబ్బుల మాటలు, వాటి పుట్టుక

గుంటూరు_హౌస్‌సర్జన్:

అందరికీ నమస్కారం. గుంటూరులో హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. చదువంతా ఇంగ్లీషులోనే సాగింది. ఓపీలో కూర్చుంటే వినపడేది వేరే భాష. పల్నాడు నుంచి వచ్చిన పెద్దాయన "నరాలు గుంజేస్తున్నాయమ్మా, ఒంట్లో ఓపిక లేదు, పైత్యం చేసింది" అంటారు. ఆయన వెనకాలే వచ్చినావిడ "డొక్కలో పోటు, ఒళ్ళంతా తీపులు, నీరసం" అంటుంది. ఇద్దరి కేస్ షీట్లోనూ "బాడీ పెయిన్స్, జనరల్ వీక్‌నెస్" అనే పడుతుంది. వాళ్ళు చెప్పినదాంట్లో సగం అక్కడే రాలిపోతోంది. నాకు ఇది చాలా బాధగా ఉంటోంది.

మీ ఇంట్లో, మీ ఊళ్ళో జబ్బుల గురించి వాడే మాటలు, వాటి సరైన అర్థం, తెలిస్తే అవి ఎక్కడి నుంచి వచ్చాయో రాయండి. ఇంగ్లీషు పేర్ల పుట్టుక తెలిసినవాళ్ళు అవి కూడా రాయండి. పేరు లోపల ఏముందో నాకు తెలిస్తే రోగికి తెలుగులో విడమరిచి చెప్పగలను.

తెనాలి_మాస్టారు:

మంచి పని తలపెట్టావమ్మా. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, నొప్పితోనే మొదలుపెడతాను.

"నొచ్చు" అనే క్రియ నుంచి నొప్పి వచ్చింది. కాలు నొచ్చినా, మనసు నొచ్చుకున్నా అదే క్రియ. తమిళంలో దీని చుట్టం "నోయ్", దానికి అక్కడ రోగం అని అర్థం. నొప్పి అన్నిటికీ సరిపోయే పెద్ద మాట. దాని కింద మనవాళ్ళు ఎన్ని రకాలు పెట్టుకున్నారో చూడు.

పోటు అంటే పొడిచినట్టుండేది. పొడుచు నుంచి పోటు. కత్తిపోటు, వెన్నుపోటు, గుండెపోటు అన్నీ ఆ వరసే. డొక్కలో పోటు అన్నావిడ అక్కడ ఎవరో పొడుస్తున్నట్టుందని చెబుతోంది. సలుపు అలా కాదు. గోరుచుట్టు సలుపుతుంది, చీము పట్టిన గడ్డ సలుపుతుంది, పుచ్చిన పన్ను సలుపుతుంది. నాడి కొట్టుకున్నట్టు వచ్చి రాత్రి నిద్ర పట్టనివ్వదు. తీపు కీళ్ళలో, కండల్లో లాగుతూ ఉండేది, జ్వరం తగిలే ముందు ఒళ్ళు తీపులు పెడుతుంది. గుంజడం ఎక్కువగా పిక్కల్లో, తొడ వెనక. వంగినప్పుడో పక్కకి తిరిగినప్పుడో నడుము కలుక్కుమంటుంది. చన్నీళ్ళు తగిలితే పన్ను జివ్వుమంటుంది. చీమ కుడితే చురుక్కుమంటుంది. వీటిని ఒకదాని బదులు ఒకటి వాడితే మా అమ్మగారి తరం వాళ్ళు ఒప్పుకునేవారు కాదు. పన్ను తీపు పెడుతోందని ఎవరన్నా అనగా విన్నావా?

అందుకని ఆవిడ పోటు అన్నచోట పోటు అనే రాయి. తెలుగులోనే రాయి.

గుంటూరు_హౌస్‌సర్జన్:

మాస్టారూ, మీరు రాసింది చదువుతుంటే మా పుస్తకంలో పాఠం గుర్తొచ్చింది. 1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పేరు మీద రొనాల్డ్ మెల్జాక్ నొప్పికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. నొప్పి ఎంత ఉంది అన్నదానితో పాటు ఎలాంటి నొప్పి అన్నది కూడా అడుగుతుంది. కొట్టుకుంటున్నట్టా, పొడిచినట్టా, కాలినట్టా, లాగినట్టా అని రోగి చేతే మాట ఎంపిక చేయిస్తుంది. మన వాళ్ళు ఏ కాగితమూ చూడకుండానే ఆ ఎంపిక చేసుకుని వస్తున్నారు.

చికిత్సకి ఇది చాలా ముఖ్యం. షుగర్ వల్ల పాదాల్లో నరాలు దెబ్బతిన్నవాళ్ళు "మంట, జివ్వుజివ్వు, సూదులతో పొడిచినట్టు" అంటారు. ఆ నొప్పికి మామూలు నొప్పి బిళ్లలు పెద్దగా పనిచేయవు, మందులే వేరు. "కాళ్ళ నొప్పులు" అని ఒక్క ముక్క రాస్తే తర్వాత చూసే డాక్టరుకి ఆ సంగతి తెలిసే దారి ఉండదు.

కొత్తపేట_సిస్టర్:

గుంటూరు కొత్తపేటలో నర్సుగా చేస్తున్నాను డాక్టరుగారూ. అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం "నరం" దగ్గర. సెలైన్ పెట్టేటప్పుడు మేమే "నరం దొరకడం లేదు" అంటాం. అక్కడ నరం అంటే సిర, రక్తనాళం. "మెదడులో నరం చిట్లింది" అంటే అదీ రక్తనాళమే. "కాలి మీద నరాలు ఉబ్బాయి" అన్నా అంతే. "నరాల డాక్టరు" దగ్గరికి వెళ్ళమంటే అక్కడ నరం వేరు. చెయ్యి బెణికినవాళ్ళు "నరం పట్టేసింది" అంటారు, అది చాలాసార్లు కండరమో దాన్ని ఎముకకి కట్టే స్నాయువో. ఒకే మాట నాలుగు చోట్ల తిరుగుతోంది.

పక్షవాతం వచ్చిన ఒకాయన కొడుకుతో "మెదడుకి వెళ్ళే నరంలో గడ్డ అడ్డుపడింది" అని ఎవరో చెప్పారు. ఆయన గడ్డ అంటే కణితి అనుకుని, క్యాన్సరని ఇంట్లో అందరికీ ఫోన్లు చేశాడు. నేను కూర్చోబెట్టి "రక్తం గడ్డకట్టి గొట్టంలో అడ్డం పడింది బాబూ" అని చెప్పాక ఊపిరి పీల్చుకున్నాడు. రక్తం నడిచేదాన్ని రక్తనాళం అని, కబురు మోసేదాన్ని మాత్రమే నరం అని మనమన్నా జాగ్రత్తగా అంటే బాగుంటుంది.

నిఘంటువుల_అరండల్‌పేట:

సిస్టర్ గారూ, ఈ కలగాపులగం మనకి మాత్రమే లేదు. ఇంగ్లీషు న్యూరాలజీ మాట వెనక ఉన్న గ్రీకు "న్యూరాన్"కి పాత అర్థం స్నాయువు, వింటినారి. క్రీస్తుకు పూర్వం సుమారు 300లో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ అనే గ్రీకు వైద్యుడు శరీరాలు కోసి చూసి నరాలు వేరని విడదీశాడు. మాట మాత్రం పాతదే ఉండిపోయింది. "ఆర్టరీ" ఇంకా చిత్రం. అది మొదట గాలి గొట్టానికి ఉన్న పేరు. చనిపోయినవాళ్ళ ధమనులు ఖాళీగా కనిపించేవి కాబట్టి వాటిలో నడిచేది గాలేనని చాలాకాలం నమ్మారు. తమిళంలో "నరంబు" కూడా మన నరం లాగే రెండు చోట్లా తిరుగుతుంది.

సత్తెనపల్లి_రైతు:

డాక్టరమ్మా, మీ వార్డులో అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సిన మాట "మందు". మాది మిర్చి పొలం. మా ఇళ్ళల్లో రోజుకి పది సార్లు ఈ మాట వస్తుంది. మందు కొట్టాలి అంటే చేనుకి పురుగుమందు. మందు చల్లాలి అంటే ఎరువు. పిల్లాడికి మందు పట్టావా అంటే దగ్గుమందు. సాయంత్రం మందు అంటే సారా సీసా. తుపాకిలోదీ మందే, మతాబాలోదీ మందే.

రాత్రిపూట ఆటోలో ఒకణ్ణి తీసుకొచ్చి "మందు తాగాడు" అంటే ఏ మందో వెంటనే అడగండి. మా ఊళ్ళో ఆ మాటకి రెండు అర్థాలు, ఒకటి తెల్లారేసరికి దిగిపోయేది, ఇంకొకటి ప్రాణం తీసేది. తెచ్చినవాళ్ళు కంగారులో, భయంలో, పరువు కోసం సగం చెబుతారు. డబ్బా తెచ్చారా అని అడగండి. మా చేను గట్టున ఒక్క రకం ఉండదు, డబ్బా మీద పేరు చూస్తేనే తెలుస్తుంది.

గుంటూరు_హౌస్‌సర్జన్:

అన్నా, ఇది రాసినందుకు చాలా థాంక్స్. క్యాజువాలిటీలో ఇదే మొదటి ప్రశ్న కావాలి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట, ఊపిరితిత్తుల్లో నీళ్ళలాంటి స్రావం. దానికి అట్రోపిన్ అనే విరుగుడు మందు వెంటనే మొదలుపెట్టాలి. వేరే రకానికి వైద్యం వేరు. చదివేవాళ్ళందరికీ నా మనవి: అలాంటి పరిస్థితి వస్తే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, 108కి ఫోన్ చేయండి, డబ్బా వెంట తీసుకురండి.

తెనాలి_మాస్టారు:

మందు అచ్చమైన ద్రావిడ మాట. తమిళంలో మరుందు, కన్నడంలో మద్దు, మలయాళంలో మరున్ను. "మందు పెట్టారు" అని పల్లెల్లో అనుకునేదాంట్లో వశీకరణమూ విషమూ రెండూ ఉన్నాయి. ఔషధం అలా కాదు, సంస్కృతంలో ఓషధి అంటే మొక్క, దాన్నుంచి వచ్చింది కాబట్టి ఆ మాటకి మంచి ముఖమే ఉంది.

నిఘంటువుల_అరండల్‌పేట:

ఫార్మసీకి మూలమైన గ్రీకు "ఫార్మకాన్" కూడా మన మందు లాంటిదే మాస్టారూ. మందు, విషం, మంత్రపు మందు మూడూ దాని అర్థాలే. ఎక్కువైతే చంపేది, తగుమాత్రం ఇస్తే బతికించేది ఒకటేనని పాతవాళ్ళకి అనుభవంలో తెలుసు.

సూర్యారావుపేట_మెడికల్స్:

తగుమాత్రం అన్నారు కాబట్టి నేనూ ఒక మాట. విజయవాడ సూర్యారావుపేటలో మెడికల్ షాపు మాది. మా కౌంటర్లో "బిళ్ల", "గోలీ", "టాబ్లెట్" అంటారు, "మాత్ర" అనేది ఇప్పుడు పేపర్లో, సీసా మీద మాత్రమే కనిపిస్తోంది. మాత్ర అంటే కొలత. పద్యంలో అక్షరానికి లెక్కపెట్టే మాత్ర ఇదే. ఇంత కొలిచి ఇచ్చింది అని ఆ పేరులోనే ఉంది. "డోస్" గ్రీకులో ఇచ్చినది అని అర్థమున్న మాట నుంచి వచ్చింది. మాత్ర అన్న మాట మళ్ళీ వాడుకలోకి వస్తే నాకు సంతోషం, ఎందుకంటే "నొప్పి తగ్గలేదు, ఇంకో రెండు వేసుకున్నా" అనేవాళ్ళు రోజూ కనిపిస్తారు.

ఇక "గ్యాస్". మా దగ్గర ఎక్కువగా వినపడే మాట ఇదే. తేన్పు వచ్చినా గ్యాసే, వీపు పట్టేసినా గ్యాసే, ఛాతీ బిగపట్టినా గ్యాసే. ఒకాయన చెమటలు కక్కుతూ వచ్చి "గ్యాస్ పట్టేసింది, బిళ్ల ఇవ్వు" అన్నాడు. ఎడమ చెయ్యి లాగుతోందా అని అడిగితే అవునన్నాడు. బిళ్ల ఇవ్వకుండా మా అబ్బాయిని తోడిచ్చి పక్కనే ఉన్న ఆసుపత్రికి పంపాను. ఈసీజీలో గుండెపోటు అని తేలింది. ఛాతీలో బరువు, చెమట, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే దయచేసి షాపుకి రాకండి, ఆసుపత్రికి వెళ్ళండి.

నిఘంటువుల_అరండల్‌పేట:

గ్యాస్ అనే మాటని 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త కల్పించాడు. "కేయాస్" అనే గ్రీకు మాట మీద, అంటే రూపం లేని గందరగోళం మీద.

బెంజిసర్కిల్_బాబీ:

అందరూ బాగా రాస్తున్నారు, గౌరవంతోనే నా అభిప్రాయం చెబుతాను. షుగర్, బీపీ, థైరాయిడ్, స్కానింగ్ అనేవి మా అమ్మమ్మకి కూడా తెలిసిన మాటలు. మధుమేహం, రక్తపోటు, అవటుగ్రంథి అంటే ఆవిడే "అదేంటి?" అంటుంది. పేపరు వాళ్ళు రాసే తెలుగు రోగికి ఇంగ్లీషు కన్నా దూరంగా ఉంది. వాడుకలో ఉన్న మాటని తీసేసి సంస్కృతం పెడితే ఎవరికి ఉపయోగం?

గుంటూరు_హౌస్‌సర్జన్:

బాబీ గారూ, నేను ఏ మాటా తీసేయాలనుకోవడం లేదు. షుగర్ ఇప్పుడు తెలుగు మాటే. అయితే షుగర్ అన్నప్పుడు "తీపి మానేస్తే చాలు, అన్నం ఎంత తిన్నా పరవాలేదు" అనుకునేవాళ్ళని రోజూ చూస్తున్నాను. పేరు వల్ల వచ్చిన చిక్కు అది.

మధుమేహంలో మధు అంటే తేనె, మేహం మూత్రానికి సంబంధించిన మాట. తేనెలాంటి మూత్రం అని. మూత్రానికి చీమలు పట్టడం మన పాత వైద్యులు గమనించారు. గ్రీకులు డయాబెటిస్ అన్నారు, దూసుకుపోవడం అని అర్థం, తాగిన నీళ్ళు తాగినట్టే బయటికి పోతున్నాయని. దానికి చేర్చిన "మెల్లిటస్"లో లాటిన్ తేనె ఉంది. డయాబెటిస్ ఇన్సిపిడస్ అని ఇంకొకటి ఉంది, అందులో మూత్రం ఎక్కువే పోతుంది, తీపి ఉండదు, చక్కెరతో దానికి సంబంధమే లేదు. రెండు జబ్బుల్నీ కలిపేది నీళ్ళు పోవడం, విడదీసేది తీపి. పేర్లు విప్పి చూశాకే నాకు అది మర్చిపోలేనంతగా పట్టుబడింది.

ఇన్సులిన్ గురించి రోగులకి నేను చెప్పేది ఇంకొకటి ఉంది. లాటిన్‌లో "ఇన్సులా" అంటే లంక. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ క్లోమంలో (పాంక్రియాస్‌లో) చుట్టూ ఉన్న కణాలకి వేరుగా గుంపులు గుంపులుగా ఉన్న కణాల్ని చూశాడు. కృష్ణ మధ్యలో లంకలు ఉన్నట్టు. ఆ లంకల్లో తయారయ్యేది కాబట్టి ఇన్సులిన్. టొరంటోలో 1921లో దాన్ని వేరుచేయగలిగారు. కృష్ణలంక నుంచి వచ్చిన ఒకావిడకి ఇలా చెబితే "అయితే మా లంకలు ఎండిపోయాయన్నమాట, అందుకే బయటి నుంచి పొడుస్తున్నారు" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

బెంజిసర్కిల్_బాబీ:

ఇలా విప్పి చెబితే నాకు అభ్యంతరం లేదండీ. పేపర్లో రాసేవాళ్ళు విప్పరు, పేరు పడేసి పోతారు. నా బాధ అది.

తెనాలి_మాస్టారు:

బాబూ, నీ మాటలో న్యాయం ఉంది. కొత్తగా కట్టిన మాటలన్నీ నిలబడవు. వాడుకలో నిలిచిన మాటల్లో నాకు ఇష్టమైనది "ఊపిరితిత్తులు". తిత్తి అంటే తోలు సంచి, కమ్మరి కొలిమి దగ్గర ఊదేది కూడా తిత్తే. ఊపిరి ఊదే తిత్తులు. చదువు రానివాడికి కూడా ఆ అవయవం ఏం పనిచేస్తుందో పేరు వినగానే తెలుస్తుంది.

శస్త్రచికిత్స గురించి కూడా. పేపర్లలో, బోర్డుల మీద "శాస్త్రచికిత్స" అని కనిపిస్తోంది. శస్త్రం అంటే కోసే పనిముట్టు, ఆయుధం. దీర్ఘం పెడితే అర్థం మారిపోతుంది. సర్జరీకి గ్రీకు మూలంలో అర్థం చేతిపని.

నిఘంటువుల_అరండల్‌పేట:

నేను ఎన్నాళ్ళ నుంచో చెప్పాలనుకుంటున్నవి కొన్ని. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే కుటుంబం కాబట్టి కొన్ని జబ్బుల పేర్లు రెండు దారుల్లో మన దగ్గరికి వచ్చాయి.

క్షయ అంటే తరిగిపోవడం. టీబీకి పాశ్చాత్యుల పాత పేరు "ఫ్థీసిస్", దానికీ తరిగిపోవడమనే అర్థం. ఈ రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టిన అక్కచెల్లెళ్ళు. (మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్నది ఒకప్పటి టీబీ శానిటోరియం స్థలంలోనే. మా నాన్నగారి తరం ఆ కొండ వైపు చూసి గొంతు తగ్గించి మాట్లాడేవారు.)

వైరస్ లాటిన్‌లో విషం. మన "విషం" దాని తోబుట్టువే. వానాకాలంలో మన పేపర్లు "విషజ్వరాలు" అని రాస్తాయి, వైరల్ జ్వరాలు అనడానికి. ఏ పండితుడూ కూర్చుని కట్టకుండానే ఆ పేరు సరిగ్గా కుదిరింది.

సర్పి చూడండి, ఒంటికి ఒక పక్క పట్టీలా పొక్కులు లేస్తాయి. సర్పం, సర్పి రెండింటిలో పాకడం ఉంది. ఇంగ్లీషులో హెర్పిస్, గ్రీకులో పాకడం. అదీ ఒకే ధాతువు. సర్పి రెండు వైపులా చుట్టుకుంటే మనిషి పోతాడని మన వైపు భయం ఉంది. డాక్టరుగారు దాని మీద రాస్తే మంచిది.

కుటుంబం వేరైనా ఊహ కలిసినవి ఇంకొన్ని. ధనుర్వాతంలో ఒళ్ళు విల్లులా వంగుతుంది, టెటనస్‌లో గ్రీకు అర్థం బిగలాగడం. చికున్‌గున్యా ఆఫ్రికాలో మకొండే భాష మాట, కీళ్ళ నొప్పితో వంగిపోవడం. దానికీ కోడికీ ఏ సంబంధమూ లేదు.

గుంటూరు_హౌస్‌సర్జన్:

సర్పి రెండు వైపులా చుట్టుకుంటే పోతారన్నది నిజం కాదు. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి తగ్గాక ఆ వైరస్ వెన్ను పక్కన నరాల మూలాల్లో నిద్రపోతుంది. వయసు మీద పడ్డాకో, ఒంట్లో శక్తి తగ్గినప్పుడో ఒక నరం వెంట బయటికి వస్తుంది. ఆ నరం ఒక పక్కకే వెళ్తుంది కాబట్టి పొక్కులు సాధారణంగా ఒంటి మధ్యగీత దగ్గర ఆగిపోతాయి. కాకపోతే పొక్కులు కనపడిన మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే చాలా మేలు. ఆకుపసర్లు పూసుకుంటూ కూర్చోవద్దు. కంటి దగ్గర వస్తే అదే రోజు రండి.

సత్తెనపల్లి_రైతు:

మిర్చికి వచ్చే బొబ్బర తెగులు కూడా వైరసే అని మా వ్యవసాయాధికారి చెప్పారు, తెల్లదోమ మోస్తుందట. పాతకాలంలో తెగులు అంటే మనుషులకొచ్చే రోగం కూడానట కదా మాస్టారూ?

తెనాలి_మాస్టారు:

అవును నాయనా. ఇప్పుడది చేనుకి మిగిలింది.

డాక్టరమ్మ మొదట్లో అడిగిన పైత్యం, నీరసం, ఓపిక మిగిలిపోయాయి. పిత్తం నుంచి పైత్యం. పైత్యం చేసిందంటే నోరు చేదు, వికారం, పసరు వాంతి, తలతిప్పు కలిపి చెబుతున్నారని. మనిషి అడ్డదిడ్డంగా మాట్లాడినా పైత్యమే అంటాం. గ్రీకుల మెలంకలీకి (దిగులు జబ్బుకి) కూడా నల్ల పిత్తం అనే అర్థమట. నీరసంలో రసం లేదు. ఆయుర్వేదంలో తిన్నది మొదట రసం అవుతుంది, తర్వాత రక్తం. నీరసం అన్నవాళ్ళని ముందు తిండి గురించి అడుగు.

ఓపిక మన కృష్ణా గుంటూరు వాళ్ళకి సహనమూ, ఒంట్లో సత్తువా రెండూ. "ఓపిక లేదు" అని ముసలాయన అంటే విసుగని రాయకు, కాళ్ళలో బలం లేదని. పేషెంట్ అన్న మాటకి లాటిన్‌లో ఓర్చుకునేవాడని అర్థం ఉంది, మన ఓపికకి దగ్గరగానే.

కొత్తపేట_సిస్టర్:

ప్రసూతి వైపు మాటలు కొన్ని. "నెల తప్పింది", "నీళ్ళోసుకుంది" అంటే గర్భం. "నొప్పులు" అని బహువచనంలో అంటే కాన్పు నొప్పులే, ఆ ఫోను వస్తే ఆలస్యం చేయకూడదు. "పెద్దాపరేషన్" అంటే సిజేరియన్. "మాయ పడలేదు" అంటే కాన్పయ్యాక మాయ బయటికి రాలేదని, వెంటనే పరిగెత్తాలి.

నాకు తేలనిది ఒకటి ఉంది డాక్టరుగారూ. "కళ్ళు తిరుగుతున్నాయి" అని వచ్చినవాళ్ళందరికీ మన దగ్గర ఒకటే బిళ్ల రాస్తున్నారు. సరైనదేనా?

గుంటూరు_హౌస్‌సర్జన్:

కాదనే నా నమ్మకం సిస్టర్. మాస్టారు నొప్పికి చేసినట్టే ఇక్కడా మన మాటలు పని చేస్తాయి. "ఇల్లంతా గిర్రున తిరుగుతోంది" అంటే వర్టిగో, లాటిన్‌లోనూ ఆ మాటకి తిరగడమే అర్థం, ఎక్కువగా లోపలి చెవి సమస్య. "కళ్ళు బైర్లు కమ్మాయి" అంటే తల తిరగడం కాదు, మెదడుకి రక్తం చాలక కళ్ళ ముందు చీకటి రావడం, బీపీ పడిపోవడం, రక్తం తగ్గడం, గుండె లయ తప్పడం చూడాలి. "తూలుతున్నాను" అంటే నిలబడితేనే పట్టు తప్పుతోందని, పాదాల నరాలో చిన్నమెదడో చూడాలి. మూడు మాటలకి మూడు దారులు. ఇకమీదట ఈ మూడూ విడివిడిగా అడుగుతాను, వాళ్ళ మాటే రాస్తాను.

సత్తెనపల్లి_రైతు:

మా నాన్నకి బైర్లే డాక్టరమ్మా. పొద్దున మంచం దిగగానే. కూర్చుంటే సర్దుకుంటుంది. ఇంట్లో అందరం పైత్యం అనుకుని నిమ్మరసం ఇస్తున్నాం.

గుంటూరు_హౌస్‌సర్జన్:

ఆయన బీపీకి ఏమన్నా బిళ్లలు వాడుతున్నారా అన్నా? వాడుతుంటే చీటీ, బిళ్లలు అన్నీ సంచిలో వేసుకుని ఈ వారంలోనే తీసుకురండి. మీ అంతట మీరు ఆపేయకండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలి. అప్పటిదాకా మంచం దిగేముందు కాళ్ళు కిందకి వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోమనండి. ఈలోపు స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, దొడ్డికి నల్లగా వెళ్ళినా వారం ఆగకండి, అప్పుడే బయల్దేరండి.